పోరాటం నడిచిన బంగళాలో కాన్ఫరెన్స్ హాలు: అడ్డగోడ జోలికి వెళ్ళకముందే తేల్చుకోవాల్సినవి

ప్రశ్న క్లుప్తంగా ఇది. చిత్తూరు శివార్లలో ఒక ట్రస్టు చేతికి నూరేళ్ళు దాటిన మిద్దె బంగళా వచ్చింది. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో, మళ్ళీ 1942లో కాంగ్రెసు వలంటీర్లు అక్కడ మకాం వేశారని ఊళ్ళో చెప్పుకుంటారు. దాన్ని 200 మంది పట్టే ఏసీ కాన్ఫరెన్స్ హాలుగా మార్చి, వచ్చే బాడుగతో కట్టడాన్ని నిలబెట్టుకోవాలని ట్రస్టు ఆలోచన. నడిమి హాలుకూ పక్క గదికీ మధ్య గోడ తీసి ఇనప గర్డరు వేస్తే చాలని ఇంజనీరు చెప్పారు. చాలుతుందా?

చాలదండీ. గర్డరు సంగతి తర్వాత, అసలు 200 మందిని ఆ బంగళాలో కూర్చోబెట్టాలనుకోవడమే పొరపాటు. పాత ఇంట్లో 40 మందికి మించని చిన్న సమావేశాలు పెట్టుకోండి. పెద్ద హాలు పెరట్లో విడిగా కట్టండి. ఖర్చు పెరుగుతుందని భయపడకండి. గోడ తీసి, గర్డరు వేసి, పైకప్పుకు ఆసరా పెట్టి, తర్వాత వచ్చే పగుళ్ళు పూడ్చుకుంటూ పోయే ఖర్చుతో పోలిస్తే కొత్త షెడ్డు తరహా హాలే చవక.

గోడ లెక్క చూద్దాం. నడిమి హాలు 9 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు అనుకోండి. పక్క గది వెడల్పు 3.6 మీటర్లు. మధ్య గోడ మీద రెండు వైపుల కప్పులోనూ సగం సగం కూర్చుంటుంది, అంటే 4.3 మీటర్ల వెడల్పున 9 మీటర్ల పొడవు, సుమారు 39 చదరపు మీటర్ల కప్పు. మద్రాసు టెర్రస్ మిద్దె (టేకు దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసే పాత పద్ధతి కప్పు) చదరపు మీటరుకు దగ్గర దగ్గర 400 కిలోలు తూగుతుంది. మొత్తం పదిహేను టన్నుల పైమాట. ఇప్పుడు ఆ బరువు 9 మీటర్ల గోడ పొడవునా పరుచుకుని నేలకు దిగుతోంది. గర్డరు వేస్తే అదంతా రెండు కొసల మీదికి చేరుతుంది. సున్నపు కట్టుడు ఇటుక గోడ పరుచుకున్న బరువును వందేళ్ళు మోస్తుంది గానీ, ఒకే చోట ఎనిమిది టన్నులు పెడితే అక్కడ నలుగుతుంది. దానికి తోడు గర్డరు ఎంత గట్టిదైనా కొంచెం వంగుతుంది. ఆ కొంచానికే పైన కప్పులోని సన్నటి అచ్చు ఇటుకల వరసలు విడిపోయి, తొలి వానకే చుక్క పడుతుంది.

రెండో అడ్డు తలుపులు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం జనం గుమికూడే భవనాల్లో బయటికి పోయే ద్వారం కనీసం 2 మీటర్ల వెడల్పు ఉండాలి. మన పాత బంగళాల తలుపులు మూడు, మూడున్నర అడుగులు. 200 మందికి అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలంటే ఆ చెక్కిన టేకు ద్వారబంధాలు పీకి రోలింగ్ షట్టరు సైజు కన్నాలు పెట్టాలి. అంత చేశాక అది ఎవరు మకాం వేసిన బంగళా అని చూపిస్తారు?

పని మొదలుపెట్టే ముందు కాగితాలు. ఆ స్థలం రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్లు చేయకూడని భూముల పట్టీ) ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూడండి. పోరాటం నడిచిన చోట్లు కొన్ని సత్రాలు, మఠాల స్థలాలు, ఇనాం భూములు కావచ్చు. దేవాదాయ శాఖ రికార్డులో ఉంటే ట్రస్టు పేరున ఎన్ని పత్రాలున్నా వాడుక మార్పిడి ముందుకు కదలదు. చంద్రగిరి కోటలాంటి కేంద్ర రక్షిత కట్టడం దగ్గర్లో ఉంటే ఇంకో చిక్కు. దాని సరిహద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం నిషిద్ధం, ఆపైన ఇంకో 200 మీటర్ల వరకు అనుమతితోనే. నిషిద్ధ పరిధిలోనైనా 1992 జూన్ 16కు ముందున్న భవనానికి అనుమతితో మరమ్మతు చేసుకోవచ్చు, పెరట్లో కొత్త హాలు మాత్రం కుదరదు. ఇవేవీ లేకపోతే నివాసం నుంచి సభాభవనానికి వాడుక మార్పు చిత్తూరు వైపైతే చుడా, తిరుపతి వైపైతే తుడా అనే పట్టణాభివృద్ధి సంస్థల దగ్గర తేల్చుకోవాలి.

అలాగే ఊళ్ళో చెప్పుకునేదాన్ని బోర్డు మీద ఎక్కించే ముందు రికార్డుతో సరిచూసుకోండి. 1911 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. అంతకుముందు ఇదంతా ఉత్తర ఆర్కాటు, చిత్తూరే దాని ముఖ్యపట్టణం. మదనపల్లె, వాయల్పాడు వైపు కడప జిల్లా. కాబట్టి 1804–05 నాటి పాళెగాళ్ళ తిరుగుబాటు గురించి వెతికేవాళ్ళు చిత్తూరు జిల్లా రికార్డులని వెతికితే లాభం లేదు, ఉత్తర ఆర్కాటు కలెక్టరు ఉత్తరాల్లో చూడాలి. 1953 దాకా మనం మద్రాసు కిందే గనక జాతీయోద్యమం కాలపు పోలీసు, సెక్రటేరియట్ ఫైళ్ళు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. అక్కడ ‘అండర్ సెక్రటరీ సేఫ్ ఫైల్స్’ అనే వరస అడగండి. రాజకీయ నిఘా కాగితాలు అందులోనే. ఆంధ్రపత్రిక 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వచ్చింది, అరెస్టుల వార్తలకు తేదీతో సహా అది ఆధారం. స్వాతంత్ర్య సమరయోధుల పింఛను దరఖాస్తులకు జతచేసిన జైలు సర్టిఫికెట్లు వారసుల ఇళ్ళల్లో ట్రంకు పెట్టెల అడుగున ఇంకా ఉంటాయి, వాటిని ఫొటో తీసుకోండి చాలు, తీసుకుపోకండి.

తప్పు బోర్డు ఎంత తేలిగ్గా పుడుతుందో మదనపల్లె చూస్తే తెలుస్తుంది. 1919లో బెసెంట్ థియొసాఫికల్ కాలేజీలో ఉండగా ఠాగూర్ జనగణమనకు ఇంగ్లీషు అనువాదం రాశారు, మార్గరెట్ కజిన్స్ స్వరం కుదిర్చారు. ఇదే గొప్ప సంగతి. కానీ జనం నోట్లో అది ‘జనగణమన పుట్టింది మదనపల్లెలోనే’ అయిపోతుంది. ఆ పాట 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసులోనే పాడేశారు. మీ హాలుకు వచ్చే వాళ్ళలో చరిత్ర ప్రొఫెసర్లు ఉంటారు. ఒక్క తప్పు తేదీ చూస్తే మిగతా గోడంతా నమ్మరు.

ఇక మిద్దె. మొదట ముట్టుకోవాల్సింది ఇదే, డబ్బులు ఎక్కువ పోయాల్సిందీ ఇక్కడే. మద్రాసు టెర్రస్‌లో అడుగున టేకు దూలాలు, వాటి మీద అడుగున్నరకొకటి చొప్పున అడ్డకర్రలు, ఆపైన సన్నటి అచ్చు ఇటుకలు నిలువుగా ఏటవాలు వరసల్లో సున్నంతో కట్టి, దానిమీద మూడు నాలుగు అంగుళాల ఇటుక జల్లి సున్నంతో దిమ్మిస చేసి, చివర చదును పెంకులు రెండు వరసలు పరుస్తారు. ఈ కప్పు తడిసి ఆరుతుంది, తడిసి ఆరుతుంది. అలా ఆరనిస్తేనే బతుకుతుంది. కారుతోందని ఎవరో ఒకరు పైన సిమెంటు పోత పోసో, తారు షీటు అతికించో, వాటర్‌ప్రూఫ్ రంగు పూసో ఉంటారు. అప్పటినుంచి కింది చెమ్మకు పైకి దారి ఉండదు. ఆ చెమ్మ చెక్కలోకి దిగి లోలోపల కుళ్ళబెడుతుంది. బయటికి చూస్తే కప్పు నున్నగా, కొత్తగా ఉంటుంది!

చూసే పద్ధతి సులువే. నిచ్చెన ఎక్కి ప్రతి దూలం గోడలోకి దిగే చోట దబ్బనం గుచ్చండి. మంచి టేకులో దబ్బనం రెండు మిల్లీమీటర్లు దిగేసరికి ఆగిపోతుంది, చేయి నొప్పి పుడుతుంది. కుళ్ళిన చోట బెల్లం ముద్దలో దిగినట్టు అర అంగుళం సులువుగా పోతుంది, బయటికి తీస్తే మొనకు గోధుమ రంగు పొడి అంటుకుంటుంది. దూలం నడిమి భాగం చాలాసార్లు బాగానే ఉంటుంది. ఎక్కువగా పాడయ్యేది గోడలో దాగిన ఆ ఎనిమిది, తొమ్మిది అంగుళాలే. తేమ కొలిచే మీటరు ఉంటే ఇంకా మంచిది, 20 శాతం దాటితే ప్రమాదం. చెదల మట్టి గీతలు గోడ మూలల వెంబడి కూడా వెతకండి, ఒక్క దూలం మీదే కాదు.

కొస కుళ్ళితే దూలం మొత్తం మార్చనక్కర్లేదు. కింద ఆసరా గుంజలు పెట్టి, కుళ్ళినంత మేర కోసి, పాత టేకు ముక్క జతచేసి రెండు పక్కలా ఇనప పట్టీలు బోల్టులతో బిగించాలి. గోడ సందులో మళ్ళీ పెట్టేటప్పుడు చుట్టూ అర అంగుళం గాలి ఆడేట్టు వదలాలి. ఇక్కడే బేల్దారి మేస్త్రీ అలవాటుగా సందంతా సిమెంటు కాంక్రీటుతో కూరేస్తాడు. పక్కన నిలబడి ఆపకపోతే పదేళ్ళకు మళ్ళీ అదే పని. మిద్దె పైన సిమెంటు పొర జాగ్రత్తగా లేపేసి, పది అడుగులకు రెండు అంగుళాల వాలు వచ్చేట్టు సున్నపు జల్లి మళ్ళీ పరిచి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టాలి. కొట్టగా కొట్టగా బద్ద ఎగిరి పడుతూ గట్టి చప్పుడు వస్తే చాలు. నీళ్ళ ట్యాంకు, సోలార్ ప్యానెళ్ళు, ఏసీ బయటి యూనిట్లు ఏవీ ఆ మిద్దె మీదికి ఎక్కించొద్దు. కింద ఆ దూలాలకు ప్రొజెక్టరు, క్యాసెట్ ఏసీ వేలాడదీయొద్దు.

గోడలదీ ఇదే కథ. కింద మూడు నాలుగు అడుగుల మేర చవుడెక్కి పెచ్చులూడుతుంటే దాని మీద సిమెంటు పూత వేస్తారు. చెమ్మ ఆ పూతను దాటి రాలేక ఇంకో రెండడుగులు పైకెక్కి అక్కడ ఊడుతుంది. సిమెంటు పూత తీసేయండి, పునాది చుట్టూ నేల అరడుగు తగ్గించి వాన నీరు పోయేట్టు కాలువ తీయండి, ఒక వేసవి ఆరనివ్వండి. తర్వాత గానుగ సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళతో పూత. 100 చదరపు అడుగులకు 20 మిల్లీమీటర్ల మందం వేయాలంటే 60 లీటర్ల సున్నపు ముద్ద, 190 లీటర్ల ఇసుక పడుతుంది. ముద్ద ముందుగా గోతిలో నాని ఉండాలి, కనీసం రెండు మూడు వారాలు. సరిగా మాగని సున్నం గోడెక్కాక బొబ్బలు కట్టి పగులుతుంది. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగులు వద్దు, సున్నపు వెల్లే వేయండి.

వైరింగుకు గోడల్లో గాడి కొట్టించకండి. ఆ అదురుకు చుట్టూ ఉన్న పాత పూత గోడను వదిలేస్తుంది, పైకి కనపడదు, ఆరు నెలలకు పలకలా ఊడిపడుతుంది. గోడ మీదే నల్ల ఇనప గొట్టాలు కనపడేట్టు వేసుకుంటే చూడ్డానికీ బాగుంటాయి.

నడిమి హాల్లో మాట వినపడే సంగతి చాలామంది ఆఖర్న గుర్తు చేసుకుంటారు. ఖాళీ హాల్లో ఒక్కసారి చప్పట్లు కొట్టండి. మోత మూడు సెకన్లకు పైగా తిరుగుతూనే ఉంటుంది. లెక్క కూడా అదే చెబుతుంది. 9 మీటర్లు, 5 మీటర్లు, ఎత్తు 4.5 మీటర్లు, అంటే 202 ఘనపు మీటర్ల గాలి. సున్నపు గోడలు, బండల నేల శబ్దాన్ని నాలుగు శాతం కూడా పీల్చవు. శబ్దాన్ని పూర్తిగా పీల్చేసే ఒక చదరపు మీటరును ఒక యూనిట్ అనుకుంటే, 216 చదరపు మీటర్ల ఉపరితలానికి పీల్పు 8.6 యూనిట్లే. ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి ఆ పీల్పుతో భాగిస్తే మోత నిలిచే సమయం 3.8 సెకన్లు. ప్రసంగం స్పష్టంగా వినపడాలంటే 0.8 దగ్గర ఉండాలి, దానికి 40 యూనిట్ల పీల్పు కావాలి. 40 మంది కూర్చుంటే వాళ్ళ బట్టలే 18 తెస్తాయి. కానీ సగం మందే వచ్చిన రోజునూ లెక్కలోకి తీసుకోవాలి గదా, అందుకే 25 నుంచి 28 చదరపు మీటర్ల రాక్‌వూల్ (రాతి నార) ప్యానెళ్ళు, 50 మిల్లీమీటర్ల మందంవి, ఖద్దరు గుడ్డ చుట్టి పెట్టుకోండి. గోడకు మేకులు కొట్టకుండా సొంత కాళ్ళ మీద నిలబడే ఫ్రేముల్లో పెడితే వాటి ముందు వైపే ప్రదర్శన బొమ్మలు, పత్రాల నకళ్ళు వేలాడదీయొచ్చు. బొమ్మలు గుడ్డ మీదే ముద్రించాలి, గ్లాసు ఫ్రేము తగిలిస్తే ప్యానెల్ ఉండీ లేనట్టే. మోత తగ్గించకుండా స్పీకర్ల సంఖ్య పెంచితే గోల రెట్టింపవుతుంది తప్ప మాట తెలియదు.

ఏసీ లెక్కలో మనుషులే పెద్ద పొయ్యి. ఒక్కొక్కరు 130 వాట్ల వేడి ఇస్తారు, 40 మందికి ఐదు కిలోవాట్లకు పైనే. బయటి గాలి, మిద్దె వేడి, లైట్లు కలిపితే చిత్తూరు ఎండల్లో మొత్తం 14 కిలోవాట్లు, అంటే 4 టన్నులు. నేల మీద నిలబడే 2 టన్నుల టవర్ ఏసీలు రెండు పెట్టుకోండి. అసలు తప్పు జరిగేది బయటి గాలి దగ్గర. చల్లదనం పోతుందని పాత వెంటిలేటర్లు థర్మాకోల్‌తో మూసేస్తారు. స్ప్లిట్ ఏసీ, టవర్ ఏసీ లోపలి గాలినే తిప్పుతాయి, కొత్త గాలి తేవు. మధ్యాహ్నం భోజనం తర్వాత అందరూ కునికిపాట్లు పడితే వక్తను తిట్టుకుంటారు గానీ కారణం అదే. ఒక వెంటిలేటరులోంచి గంటకు వెయ్యి ఘనపు మీటర్లు లోపలికి తోసే ఫ్యాను పెట్టి, ఎదుటి వెంటిలేటరు తెరిచి ఉంచండి. అడుగున్నర గోడలు చల్లబడటానికి సమయం తీసుకుంటాయి, పదింటి మీటింగుకు ఏడింటికే ఏసీ వేయాలి. ఏసీ నుంచి కారే నీటి గొట్టం గోడ మొదట్లో వదిలేస్తే, పైన చెప్పిన చవుడు మళ్ళీ మీరే పెంచినట్టు.

పెరట్లో పెద్ద హాలు సంగతి తొందరగా చెప్పేయొచ్చు, దాంట్లో కొత్త చిక్కులేమీ లేవు. 40 అడుగులు, 70 అడుగుల ఇనప చట్రం హాలు, బంగళా నుంచి కనీసం 6 మీటర్ల ఎడంతో, బంగళా కంటే ఎత్తు పెరగకుండా. 200 మంది వరస కుర్చీల్లో కూర్చుంటారు, టేబుళ్ళు వేస్తే 120 మందే. ఏసీ 20 టన్నులు, అన్నీ కలిపి 40 నుంచి 50 కిలోవాట్ల కనెక్షన్ కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్‌లో అడగండి. బంగళా వైరింగు వేరే బోర్డు నుంచి, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీతో (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి). టాయిలెట్లు కొత్త హాలు వైపే, ఆడవాళ్ళకు ఐదు తగ్గకుండా. సోక్ పిట్ (మురుగు నీరు ఇంకే గుంత) బావికి 18 మీటర్లు దూరంగా. బంగళా అరుగు రెండున్నర అడుగుల ఎత్తుంటే చక్రాల కుర్చీకి 1:12 వాలుతో 9 మీటర్ల ర్యాంపు కావాలి. ముందు మెట్ల మీద కాకుండా పక్క వసారా వైపు, గోడకు అతకకుండా, ఎప్పుడైనా తీసేసేట్టు కట్టించండి. గేటు వెడల్పు చాలకపోతే ఫైరింజను లోపలికి రాదు.

పాతదాని పక్కన కొత్తది కొత్తగానే కనపడటం నామోషీ కాదు. జొహానెస్‌బర్గ్‌లో కాన్‌స్టిట్యూషన్ హిల్ అని ఉంది. గాంధీ, మండేలా ఇద్దరినీ పెట్టిన జైలు ప్రాంగణం. 2004లో అక్కడ రాజ్యాంగ న్యాయస్థానం తెరిచారు. విచారణ ఖైదీల బ్లాకు తీసేసి ఆ ఇటుకలనే కోర్టు గోడలకు వాడారు, ఆ బ్లాకు మెట్ల గోపురాలు మాత్రం ఉన్నచోటే నిలబెట్టారు. మనకు దగ్గర్లో బెంగళూరు ఫ్రీడమ్ పార్కు కూడా పాత సెంట్రల్ జైలే. మన పెంకుటిళ్ళ నకలుగా ఫైబరు తోరణాలు పెట్టి ‘హెరిటేజ్ లుక్’ చేయించడం కంటే ఇది నయం. వలంటీర్లు ఉన్నారని ఆధారం దొరికిన గది ఏదో ఒక్కటి బాడుగ లిస్టులోంచి పూర్తిగా తీసేయండి. వీఐపీ లౌంజిగానూ ఇవ్వొద్దు.

చివరిగా బాడుగ. చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో హాలు అనగానే ముహూర్తాల ఫోన్లు మొదలవుతాయి. సదస్సులకు మీ గిరాకీ యూనివర్సిటీలు, తిరుపతి ఐఐటీ, ఐసర్, వేలూరు ఆసుపత్రుల డాక్టర్లు, బెంగళూరు కంపెనీల రెండు రోజుల వర్క్‌షాపులు. బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుపతిలో గదులు దొరకవు, అప్పుడు చిత్తూరుకు అడుగుతారు. అయినా ఏడాదిలో సగం రోజులు ఖాళీ ఉంటుంది, పెళ్ళిళ్ళకిస్తే లక్షలొస్తాయని ట్రస్టు సభ్యుల్లో ఒకరు తప్పకుండా అంటారు. పెద్ద హాలును కావాలంటే ఇవ్వండి. బంగళాను ఇవ్వొద్దని ట్రస్టు డీడ్‌లోనే రాసుకోండి. హోమం పొగ, నూనె దీపం మసి, గ్యాసు పొయ్యి జిడ్డు ఇవన్నీ ఒక ఎత్తు. పసుపు ఒక్కటే ఒక ఎత్తు. కొత్తగా వెల్లవేసిన గోడకు పసుపు చేయి తగిలితే సున్నంతో కలిసి పారాణిలా ఎర్రగా మారుతుంది, తుడిస్తే ఇంకా పాకుతుంది. ఆ చోట సున్నం గీకి మళ్ళీ వేయడం తప్ప దారి లేదు. హాలు బాడుగ మీద 18 శాతం జీఎస్టీ ముందే రేటులో చెప్పండి, తర్వాత కలిపితే గొడవ.

పని వరస కూడా కాలాన్ని బట్టే. మిద్దె పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి మే నెలాఖరుకు ముగించాలి. సున్నపు పూతకు మండుటెండ పనికిరాదు, తొందరగా ఆరి జుట్టు పగుళ్ళొస్తాయి, తడి గోనెపట్టలు కప్పి రెండు వారాలు కాపాడాలి. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకుంటే మన జిల్లాలో వారాల తరబడి వదలవు. ఆ ఒక్క వానకాలం కప్పు కింద బకెట్లు పెట్టి, ఎక్కడెక్కడ చుక్క పడుతుందో సుద్దతో గుర్తు పెట్టుకుని, అది ఆగాకే లోపల చాపలు, ప్యానెళ్ళు, ప్రొజెక్టరు తెచ్చుకోండి.